విఱిగిన పిడి

ఆయుధముల చరిత్రము వ్రాయువారు అలుగును గుఱించి, గుండును గుఱించి, వానివలన గెలిచిన యుద్ధములను గుఱించి వ్రాయుదురు. పిడిని గుఱించి వ్రాయువా రరుదు. అమరసింహుడు మాత్రము కత్తిపిడికి త్సరువను ప్రత్యేకనామమును పేర్కొని దానికి నిఘంటువున నొక స్థానము కల్పించెను. ఆయుధమున మనుష్యుని చేయి నిలుచు చోటు అదియే. తక్కినదంతయు శత్రువువైపు చూచుచుండును. చెమటయు, నూనెయు, భయమును, అలవాటును చేరునది పిడిలోనే. కావున ముందుగా అఱుగునదియు, తఱచుగా విఱుగునదియు పిడియే.

ఈ విచారమున మమ్ము దింపినవాడు మా పూర్వవిద్యార్థి యొకడు. అతడు పదునాలుగేండ్లుగా అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. నిరుడు వేసవిలో స్వగ్రామమునకు వచ్చినపుడు మా యింటికి వచ్చి, కుశలప్రశ్నము లయిన పిమ్మట, కొన్ని ఛాయాపటములు మా ముందుంచెను. అందొక చిన్న పిస్తోలు. దాని పిడికి ఇరుప్రక్కల బిగించు నల్లని బద్దలలో ఒకటి మరమేకు దగ్గఱ నిలువున చీలి రెండు తునుకలైనది; రెండవదాని క్రిందిమూల ఊడిపోయినది. అది అతని పొరుగింటి వృద్ధునిదట. ఆ వృద్ధుని తండ్రి హార్టుఫర్డు పట్టణమున, ఆ పిస్తోలు పుట్టిన కర్మాగారమునందే పనిచేసినవాడట.

"మాస్టారూ, రాజమండ్రిలో కలాలు చేసేవారితో మీకు పరిచయం ఉంది గదా! ఈ బద్దలు కూడా కలాలు చేసే ఎబొనైటువేనని అక్కడివాళ్లు అంటున్నారు. మన కలంవాళ్లు క్రొత్తవి చేసి ఇస్తారా?" అని యతడడిగెను.

బద్దలను మాత్రము వెంట తేలేదు. అది మంచిపని. మన దేశపు 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము ఆయుధమనగా దాని భాగములు కూడ. విమానాశ్రయమున ఒక రబ్బరుతునుకకై సంజాయిషీ చెప్పుకొనుట యెవరికి సుఖము? లిట్టను ప్రభువు కాలమున 1878లో పుట్టిన పాతచట్టము తెల్లవారికి మినహాయింపు లిచ్చి, మనవారికి అనుమతిపత్రము లేనిదే ఆయుధము ముట్టరాదని శాసించినది. ఆ కథ వేఱు, దానినిచట విప్పము. మాకు పిస్తోలుపై మక్కువయు లేదు. బడిపంతులమైన మేము చేత బట్టిన ఆయుధము బెత్తమొక్కటే. దానిని సయితము ఉద్యోగమున చేరిన మూడవయేటనే విడిచితిమి. అయినను ఎబొనైటను మాట వినగానే మాకు కుతూహలము కలిగినది. మా జేబులోని కలము, ఆ వృద్ధుని పిస్తోలుపిడి, ఒకే తల్లి బిడ్డలని యంతకుమున్ను మేమెన్నడు తలపలేదు.

ఆ పిస్తోలు 1903లో కోల్టు కర్మాగారము విడుదలచేసిన జేబుపిస్తోలు. దానిని రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. 1855లో యూటా ప్రాంతమున ఆగ్డెను గ్రామమున తుపాకులు బాగుచేయువాని యింట పుట్టి, ప్రపంచమున సగము సైన్యములు మోసిన తుపాకులకు రూపకర్తయై, 1926లో బెల్జియమునందలి లియేజి పట్టణమున, పనిచేయుచున్న కర్మాగారముననే ప్రాణము విడిచినవాడు. ఈ జేబుపిస్తోలునకు 'సుత్తి లేనిది' యని పేరు. నిజమునకు సుత్తి లేకపోలేదు; జేబులో గుడ్డకు తగులకుండ లోపల దాచబడినది. వర్తకులు పెట్టిన పేరులకు వ్యుత్పత్తి వెదకరాదు. 1945 వఱకు ఈ మాదిరి 5,70,000 కు పైగా తయారైనది. ధనవంతుడు బల్లసొరుగున, దుకాణదారుడు గల్లాపెట్టెలో, రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సేనాధిపతులు నడుమునను దీని నుంచుకొనిరి.

దాని పిడిబద్దలు తొలి యిరువదియేండ్లును నల్లని గట్టిరబ్బరువి. 1920ల నడుమనుండి అక్రోటుచెక్కవి. రబ్బరుబద్దమీద చేయి జాఱకుండ సన్నని గళ్లు, పైభాగమున కోల్టను పేరు, క్రింద ముందరికాళ్లెత్తిన గుఱ్ఱము. కోల్టనగా ఆంగ్లమున గుఱ్ఱపుపిల్ల. మూలపురుషుడైన సామ్యుయెలు కోల్టు (1814–1862) ఇంటిపేరే వ్యాపారచిహ్నమైనది. చెక్కబద్దకు గళ్లు కోయవలెనన్న నిపుణుడైన పనివాడు వరుసవరుసగా చేతితో గీయవలెను. గట్టిరబ్బరునకో, ఉక్కు అచ్చొకటి చేసికొన్న చాలును. వేడిచేసి నొక్కిన గళ్లును, గుఱ్ఱమును, పేరును ఒక్కసారిగా దిగును. వేయి బద్దలు వేయును ఒకే పోలిక. కోల్టువారు ఈ వస్తువును 1880ల నుండియే తమ పెద్ద రివాల్వరుల పిడులకు వాడిరి.

ఈ గట్టిరబ్బరు కనుగొనిన కథ యొక విషాదనాటకము. దక్షిణ అమెరికా యడవులలో చెట్టుపాలుగా స్రవించు రబ్బరును ఐరోపావారు చిరకాలముగా నెఱుగుదురు గాని, అది ఎండకు కఱగి జిగురగును, చలికి బిగిసి పగులును. ఛార్లెసు గుడ్‌ఇయరు అను అమెరికావాడు ఈ దోషమును పోగొట్టుటకై ఆస్తినంతయు పోగొట్టుకొనెను. అప్పులకు చెఱసాల కేగెను. పిల్లల పాఠపుస్తకములు సయితము అమ్ముకొనెనని చెప్పుదురు. 1839లో గంధకము కలిపిన రబ్బరు వేడిపొయ్యి తగిలినపుడు కఱగక, తోలువలె గట్టిపడుట యతడు కనిపెట్టెను. 1844లో దానికి సర్వహక్కుపత్రము పొందెను. గంధకము కొద్దిగా కలిపిన సాగు రబ్బరు వచ్చును. మూడవపాలునకు మించినంత కలిపి చాలసేపు కాచిన, కొమ్మువలె, నల్లచేవ మ్రానువలె కఠినమగును. ఈ రెండవదానికి గుడ్‌ఇయరు తమ్ముడు నెల్సను 1851లో హక్కుపత్రము తీసికొనెను. నల్లచేవకు ఆంగ్లమున ఎబొనీ యని పేరగుటచే దీనికి ఎబొనైటను పేరు వచ్చినది.

ఆ యేడే లండను మహాప్రదర్శనమున గుడ్‌ఇయరు ఈ గట్టిరబ్బరుతో ఒక మంటపమునే అలంకరించెను. 1855లో పారిసు ప్రదర్శనముననుతే అట్లే చేసి, ఫ్రెంచి చక్రవర్తి యిచ్చిన గౌరవపతకమును అప్పులవాండ్ర చెఱసాలలో నుండి యందుకొనెను. 1860లో చనిపోవునాటికి అతని ఋణము రెండులక్షల డాలర్లు. నేడు మోటారుచక్రముల మీద కనబడు అతని పేరు, అతడు పోయిన ముప్పదియెనిమిదేండ్లకు పుట్టిన యొక కంపెనీ గౌరవార్థము పెట్టుకొన్నది. అతని కుటుంబమున కందులో చిల్లిగవ్వ లేదు.

ఎబొనైటు వచ్చినతోడనే దంతమునకు, తాబేటిచిప్పకు, కొమ్మునకు బదులు దువ్వెనలు, బొత్తాములు, చుట్టగొట్టములు దానితో చేయసాగిరి. పండ్లూడినవారికి బంగారముతోనో దంతముతోనో కట్టించుకొనుట రాజులకే సాధ్యమై యుండగా, గట్టిరబ్బరు చిగుళ్లు వచ్చి సామాన్యులును మరల నమలగలిగిరి. మేము పిస్తోలును గుఱించి వ్రాయ మొదలిడి ఈ వాక్యము దగ్గఱ కొంత సంతోషించితిమి. కలములును అందుండియే వచ్చినవి. సిరా దానిని తినదు. విద్యుత్తు దానిలో ప్రవహింపదు. చేతికి చల్లగా తగులదు.

రాజమహేంద్రవరమున కోసూరి వేంకటరత్నముగారు స్వదేశీ కలము చేయవలెనని పూని, చేసిన కలమును గాంధిమహాత్ముడు 1935లో అంగీకరించిన సంగతి తెలుగువారు గర్వముతో చెప్పుకొందురు. ఆ కలములు ఎబొనైటు కడ్డీలను తరిమెనబట్టి చేతితో చేసినవే. అహింసావ్రతుడు వ్రాసిన కలమును, హార్టుఫర్డు పిస్తోలుపిడియు ఒకే నల్లని వస్తువు.

కాని ఆ వస్తువు ఎచటనుండి వచ్చినది? ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము సుఖముగా లేదు. 1888లో డన్లపు గాలిచక్రము కనిపెట్టిన తరువాత రబ్బరునకు గిరాకి మిన్నంటెను. తోటరబ్బరు అప్పటికి లేదు. 1876లో విక్‌హాం అను ఆంగ్లేయుడు బ్రెజిలునుండి డెబ్బదివేల విత్తనములు లండనుదగ్గఱి క్యూ తోటకు చేర్చెను గాని, వాని సంతతి సింహళమునను మలయాలోను తోటలై పాలిచ్చుట కింకను కాలము పట్టెను. అందుచే ప్రపంచమునకు కావలసిన రబ్బరు అమెజాను, కాంగో యడవులనుండియే రావలసి వచ్చెను. కాంగో 1885 నుండి 1908 వఱకు బెల్జియము రాజైన రెండవ లియొపోల్డునకు సొంత ఎస్టేటువంటిది. ఊరికి ఇంత రబ్బరని పన్ను విధించి, తేలేని యూళ్లను తగులబెట్టించి, సిపాయిలు వాడిన ప్రతి తూటాకు లెక్కగా మనుష్యుల చేతులు నఱికి తెచ్చిన ఘోరములు అచట జరిగినవి. 1904లో బ్రిటిషు కాన్సలైన రోజరు కేస్‌మెంటు నివేదిక వెలువడెను. ఆలిసు హారిసు అను మిషనరీస్త్రీ తీసిన యొక ఛాయాపటమున, ఒక తండ్రి తన చిన్నకూతురి నఱకబడిన చేతిని, పాదమును చూచుచు కూర్చుండియుండును. ఒకసారి చూచినవాడు మఱవలేని పటమది. కేస్‌మెంటే 1910లో అమెజాను ప్రాంతపు పుటుమాయో కేగి, అచటను ఇట్టి దురంతములనే కనుగొని వచ్చెను. తోటరబ్బరు అడవిరబ్బరును మించినది 1913 ప్రాంతమున మాత్రమే.

వృద్ధుని పిస్తోలు మీది సంఖ్యనుబట్టి అది 1913నకు ముందు తయారైనదని మా విద్యార్థి చెప్పెను. దాని పిడిని ఒక్క తుపాకిగుండైనను పేలక మునుపే రక్తము తాకియుండుట యసంభవము కాదు.

తోటరబ్బరు వచ్చిన తరువాతి కథ తెలుగువారికి ఇంకను దగ్గఱిది. విశాఖపట్టణపు మండలమునుండి, శ్రీకాకుళపు పల్లెలనుండి, మేస్త్రీలు బయానా లిచ్చి ఓడలెక్కించిన కుటుంబము లెన్నియో మలయా తోటలకు పోయినవి. తెల్లవాఱకముందే లేచి చెట్టుబెరడు గీసి పాలు పట్టుట వారి పని. 1938లో అప్పటి భారతప్రభుత్వము కూలీల నట్లు పంపుట నిషేధించువఱకు ఈ వలస సాగెను. నేటి మలేషియాలోని తెలుగువారిలో పెక్కురు వారి సంతతివారే. మన యిండ్లలో రబ్బరుబంతితో ఆడుకొనిన పిల్లల కీ సంగతి పాఠముగా చెప్పువా రెవరు? మేమును నిన్నమొన్నటివఱకు చెప్పలేదు.

ఇక విద్యార్థి ప్రశ్న. అతనిని వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమున మా కెఱిగిన కలములపనివానికడ కేగితిమి. చిన్న గది, నేలనిండ నల్లని రజను, గదియంతయు గంధకపు వాసన. ఎబొనైటును ఱాచిన ఈ వాసన వచ్చును. అసలు వస్తువును కనిపెట్టుట కదియే గుఱుతు. ఆయన ఛాయాపటములను కంటికి దగ్గఱగా పెట్టుకొని చాలసేపు చూచెను.

"ఇది తరిమెనపని కాదండీ మాస్టారూ, అచ్చుపని. మేము గుండ్రంగా ఉన్నదే చేస్తాం. అయినా ఇది ముక్కలు ఉన్నాయి కదా! ఉన్నదాన్ని పారేసి క్రొత్తది ఎందుకండీ?" అనెను. ఆ పిమ్మట నేలమీది రజను కాక, తరిమెన క్రింది పళ్లెములోని శుభ్రమైన నల్లపొడిని కాగితమున పొట్లము కట్టి యిచ్చి, జిగురులో దీనిని కలిపినచో అతుకు రంగు కలియునని చెప్పెను. డబ్బు తీసికొనలేదు.

ఆయన యడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

మన సంప్రదాయమున జీర్ణోద్ధారమను మాట కలదు. దేవాలయమున విగ్రహము భిన్నమైనచో దానిని నీట విడిచి క్రొత్తదానిని ప్రతిష్ఠింతురు. పూజ నడుచుచున్న గుడికి అదియే న్యాయము. దేవుడు విగ్రహమున ఉండునుగాని విగ్రహపు వయస్సులో ఉండడు. కాని పూజ లేని వస్తువు మాటయేమి? ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున పాతచర్చీలను బాగుచేయు నెపమున గోడల గీకి, పలకలు మార్చి, అసలును పోగొట్టి, ఉన్నదానికంటె ప్రాచీనముగా కనబడునట్లు చేయు పిచ్చి ప్రబలగా, విలియము మారిసు 1877లో ప్రాచీనభవన రక్షణసంఘమును స్థాపించెను. 'గీకుట కూడదు' సంఘమని దానికి ముద్దుపేరు. మన దేశమున పురావస్తుశాఖ నేలిన జాన్ మార్షలు 1923లో వ్రాసిన సంరక్షణ గ్రంథమున సయితము మారిసు ధోరణియే కనబడును: ఉన్నదానిని నిలుపుము, లేనిదానిని కల్పింపకుము.

మిలిందుడను యవనరాజుతో నాగసేనుడు రథమును గుఱించి చేసిన వాదము పాఠకులలో కొంద ఱెఱుగుదురు. చక్రము రథమా, ఇరుసు రథమా యని. పిస్తోలులు సేకరించువారు ఆ వాదమును పుస్తకమున చదువక పోయినను ప్రతిదినము చేయుదురు. వేఱొక పిస్తోలునుండి ఊడదీసిన మంచిబద్దలు బిగించి 'అసలువి' యని యమ్ముట యందున్న వ్యాపారము. ఆ బద్దలు అసలువే. ఆ పిస్తోలును అసలుదే. రెండు నిజములు కలిపి చేసిన అబద్ధమది. ఇంకను కొందఱు నేటి అచ్చుబద్దలకు ఱాపిడిపెట్టి, రంగు పూసి, నూఱేండ్ల ముసలితనము నొకనాటి మధ్యాహ్నమున తెచ్చిపెట్టుదురు. క్రొత్తవి క్రొత్తవియని చెప్పి యమ్మువారియెడ మాకు తగవు లేదు.

విఱుగుటయు, గాటును కొన్నియెడల వస్తువు నోటిమాటలు. అమెరికా సేనాని జార్జి పాటను 1916లో దంతపుపిడి గల కోల్టు రివాల్వరును కొని, ఆ యేడే మెక్సికోలో జరిగిన యొక కాల్పులలో మనుష్యులను చంపి, పిడిమీద రెండు గాట్లు పెట్టుకొనెను. ఆ గాట్లను పూడ్చినచో దంతము నునుపగును, హత్యయు నునుపగును. పూడ్పరాదని మా మతము. ఆ దంతము మాత్రము ఏ యేనుగుది? 1989లో పెక్కుదేశములు కూడి అంతర్జాతీయ దంతవ్యాపారమును నిషేధించుట కొప్పుకొనిన పిమ్మట, పగిలిన దంతపుపిడిని క్రొత్తదంతముతో అతుకు మాట యెత్తకుండుటయే మర్యాద.

దీనికి మాఱుగా మఱియొకటి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులు కొందఱు, కూలిన విమానముల కిటికీలనుండి పారదర్శకమైన ప్లాస్టికును కోసి, తమ పిస్తోలుల చెక్కబద్దలను తీసివైచి, ఆ ప్లాస్టికుబద్దలు బిగించుకొనిరి. బద్ద క్రింద భార్యదో, పెండ్లాడవలసిన పిల్లదో ఛాయాపటము. కర్మాగారమునుండి వచ్చినట్లుండుటయే గొప్పయని తలచువాడు ఈ బద్దలను ఊడదీసి పాఱవేసి, గళ్లుగీసిన అక్రోటుచెక్కలు వెదకి తెచ్చి బిగించును. చెక్కలు వేలకొలది దొరకును. ఆ పిల్ల మొగము మాత్రము దొరకదు.

ఇట్లు తీర్పులు చెప్పుటకు మాకేమి యర్హతయని పాఠకు లడుగవచ్చును. మాకున్న యర్హత మేము చేసిన తప్పే. మా ముత్తాతగారి ఘంటమొకటి మా యింట నుండెను. ఇనుపములుకు, దానికి కొయ్యపిడి. తాళపత్రములపై ఏండ్లతరబడి వ్రాయుటచే పిడిమీద బొటనవ్రేలు ఆనుచోట చిన్న గుంట పడి, చమురుపట్టి నల్లగా మెఱయుచుండెను. ఒకచోట చిన్న బీట. మా యిరువదియవయేట, కళాశాలనుండి సెలవులకు వచ్చి, పెద్దలపై భక్తి పెల్లుబుకగా, గరుకుకాగితము తెచ్చి ఆ పిడిని గీకి, బీటను మైనముతో పూడ్చి, వార్నీషు పూసి, తళతళలాడునట్లు చేసి అందఱికి చూపితిమి. మా మేనత్తగారు దానిని చేత బట్టుకొని, త్రిప్పి చూచి, "ఒరే, తాతగారి వేలు ఎక్కడికి పోయిందిరా?" అనిరి. కోపముగా అనలేదు, నిజముగానే వెదకుచు అనిరి. ఘంటమిప్పటికిని మా బీరువాలో నున్నది. దుకాణమున కొన్న వస్తువువలె నున్నది.

ఈ సంగతిని మా విద్యార్థికి చెప్పితిమి. అతడేమియు అనక పొట్లము జేబులో పెట్టుకొని పోయెను. మూడునెలల తరువాత వ్రాసిన యుత్తరమున పని జరిగిన తీరు వివరముగా నున్నది. ఇట్టి పని చేయువా రొకరిద్దఱైనను ఉందురేమోయని యా క్రమము నిచట చెప్పుదుము.

మొదట గుండ్లగూడును తీసివైచి, పైతొడుగును వెనుకకు లాగి, గొట్టములో తూటా లేదని కంటితోను వ్రేలితోను చూచిరట. గూడు తీసినంత మాత్రమున పిస్తోలు ఖాళీయైనదని తలచి చచ్చినవారును, చంపినవారును కలరు. పిమ్మట మరమేకు. దాని గాడికి సరిగా ఇమిడెడి సాధనముతోనే త్రిప్పవలెను. లేకున్న గాడి చెడును. త్రుప్పుపట్టియున్నచో నూనెచుక్క వేసి ఒకదినము వేచియుండుట యుత్తమము. బద్దను కడుగుటకు వేడినీరు పనికిరాదు. ఎబొనైటులోని గంధకము వెలుతురునకును గాలికిని క్రమముగా మాఱి, పైపొర నల్లదనము పోయి ముదురుగోధుమవన్నె యగును. వేడినీరు తగిలిన ఆ వన్నె ఇంకను వెలవెలబోవును. కావున పొడికుంచెతో మాత్రమే గళ్లలోని మురికి తీసిరి.

బద్ద చీలినదెందుకని యారయుట తరువాతి పని. ఇదియే ముఖ్యమని మాకు తోచుచున్నది. నూఱేండ్లలో రబ్బరు కొంచెము వంగిపోయినది. వంగినదానిని మరమేకుతో బిగించి బలవంతముగా నిటారు చేయబోగా చీలినది. కారణమును తొలగింపక అతికినచో అదేచోట మరల చీలును. వంగిన బద్దను వేడిచేసి సాగదీయవచ్చును గాని, పాతవస్తువున కది ప్రమాదము. అందుచే వంపునట్లే యుంచి, వెనుక ఖాళీలో పలుచని అట్టముక్క నెత్తుగా పెట్టి, మరమేకు నానుడుగా మాత్రమే బిగించుటకు నిశ్చయించిరి.

అతుకుటకు నిదానముగా ఆఱు ఎపాక్సీ జిగురు వాడిరి. పూర్వపు వడ్రంగులు పశువుల తోలు కాచి తీసిన జిగురు వాడెడివారు. అది చెక్కకు దివ్యమైనది, కావలసినపుడు వేడినీటితో ఊడదీయవచ్చును. కాని గట్టిరబ్బరునకు బాగుగా అంటదు. రెండు తునుకలను పొడిగా చేర్చి సరిచూచుకొని, జిగురు సన్నగా రాచి, మైనపుకాగితముమీద నొక్కి దినమంతయు కదలకుండ ఉంచిరి. లోపలివైపున, ఎవరికిని కనబడనిచోట, సన్నని గాజునూలుగుడ్డను జిగురుతో అంటించి బలమిచ్చిరి. అతుకువెంట రాలిపోయిన రేణువులచోట, మన రాజమహేంద్రవరపు పొడిని జిగురులో కలిపి సూదిమొనతో నింపిరి. పొడి నల్లన, పాతబద్ద గోధుమవన్నె. కావున అతుకు సన్ననిగీతగా కనబడుచునే యున్నదట. బద్దనంతయు గీకి, నలుపు పూసిన గీత మాయమగును. 'చేయి చాచితిని గాని, ఘంటము జ్ఞాపకము వచ్చినది, మాస్టారూ' అని యతడు వ్రాసెను.

రెండవబద్దకు ఊడిన మూలను పోయుటకై అతడు మొదటిబద్ద మూలనుండి మెత్తని అచ్చు తీసి సిద్ధముగా నుంచుకొనెను. ఇనుమునకు జిగురంటకుండ మైనము రాచెను. పొడి కలిపెను. అంతలో వృద్ధుడు వచ్చి, ఏమి చేయుచున్నావని యడిగి, వలదనెను.

తన చిన్నతనమున ఇంటివెనుక కోళ్లగూటి తలుపు గాలికి ఊడిపోయినదట. నాయన సుత్తి వెదకి, కానక, విసిగి, సొరుగులోని పిస్తోలు తెచ్చి, గుండ్లు తీసివైచి, పిడితో మేకులు కొట్టెనట. మూడవమేకునకు మూల యెగిరిపోయినది. కర్మాగారమున పనిచేయువాడై యుండి ఇట్లు చేయుదువా యని తల్లి మూడునాళ్లు ఆయనతో మాటాడలేదట. తమ యింట ఆ పిస్తోలు చేసిన పని యదొక్కటే యని ముసలాయన చెప్పెను.

మా విద్యార్థి అచ్చును ప్రక్కన బెట్టి, అతికిన బద్ద లోపలివైపున తేదియు, వాడిన జిగురు పేరును సన్నగా గీసి, రెండు బద్దలను బిగించి యిచ్చివేసెను. మిగిలిన పొడిని ఉత్తరముతోబాటు మాకు తిరిగి పంపెను. కలములాయనకు చేర్చవలెను.